మగజెల్ల

నా నోరు పెద్దదని చిన్నప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. మా అమ్మ అనేది, అత్తగారు అనేవారు, మా ఆస్పత్రిలో పరికరాలు కొనే ఆయన ఇప్పటికీ అంటాడు. అలాంటి నా నోరు చిన్నదని జీవితంలో ఒక్కసారే తేలింది. ఆ రోజు నేను ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎందుకేడ్చానో చెప్పాలంటే పోలమ్మ అంగిలి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నేను అంగిళ్లు పెంచుతాను. విశాఖపట్నంలో కొండవాలు మీదున్న క్యాన్సర్ ఆస్పత్రిలో, రెండో అంతస్తులో నా ప్రయోగశాల ఉంది. నోటి పైకప్పుకు క్యాన్సర్ వస్తే దాన్ని కోసి తీసేయాలి. ఆ కంతకు ఇదివరకు ప్లాస్టిక్ పలక బిగించేవారు. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది, మాట్లాడబోతే మాట ముక్కులోకి పోయేది. మేం రోగి బుగ్గ లోపలి నుంచి గోరంత ముక్క తీసుకుని, దాని నుంచి ఆ మనిషి కొలతకే కొత్త అంగిలి పెంచుతాం. అది ప్రాణమున్న అంగిలి. దానికి నేను నేర్పిన విద్య ఒకటుంది. అది నాడుల్ని పిలుస్తుంది. చుట్టుపక్కల రుచి తెలిపే నాడులన్నీ తన వైపు పాకి వచ్చేలా ఒక పదార్థాన్ని ఊరిస్తుంది. కుట్టిన కొన్ని వారాలకు ఆ నోటికి ఉప్పూ పులుపూ తెలుస్తాయి. నా జుట్టు తెల్లబడింది ఆ ఒక్క విద్య నేర్పడానికే. గర్వం ఉందా అంటే ఉంది, దాచుకోవడం నాకు చేతకాదు.

గరికిన పోలమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున గుల్లలపేట. ఆ ఒడ్డున ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ కాలుస్తారు. అంటే నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ చేపల పనికి ఖాళీగా ఉంటాయి, తెల్లారగట్ల చలికి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే ఏళ్ల తరబడి అంగిలిని కాల్చి కాల్చి చివరికి రోగం చేస్తుంది. పోలమ్మ అంగిలికి కంత పడింది. ఒకప్పుడు ఆమె చేపలమ్మే కేక రేవు ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేదట. ఇప్పుడు నోరు విప్పితే మాట ముక్కులోంచి ఉండలు ఉండలుగా వచ్చేది. ఊళ్లో పిల్లలు వెక్కిరించారని మాట్లాడటమే మానేసింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకునే మా ఆస్పత్రి మెట్లెక్కింది. ఏమడిగినా భర్త వైపు చూసేది.

ఆ భర్త దానయ్య. ఆమె మానేసిన మాటలన్నీ తనే మాట్లాడుతున్నాడా అనిపించేది. పడవ మీద తండేలు, అంటే నలుగురిని వెంటబెట్టుకుని వేటకు పోయే పెద్ద. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో, రోగుల తాలూకు వాళ్లు ఉండే చోట దిగాడు. దిగిన వారానికే షెడ్డుకు కూడా తండేలైపోయాడు. తిండి దగ్గర మాత్రం మహా పేచీకోరు. క్యాంటీన్ సాంబారు రుచి చూసి, ఇది పప్పుతో చేశారా పప్పు కడిగిన నీళ్లతో చేశారా అని వంటాయన్ని నిలదీశాడు. చేపల కూర ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, ఆ చేప సముద్రంలోంచి పొద్దున వచ్చిందో నిన్న వచ్చిందో చెప్పేవాడు. షెడ్డులో స్టవ్వు మీద తనే వండేవాడు. పోలమ్మకు రుచి తెలిసేది కాదు. అందుకని ఆమె గంజి ముందు తను చప్పరించి, ఉప్పు సరిచేసి, "సరిపోనాది, తాగు" అని చెప్పి అప్పుడు ఇచ్చేవాడు. ఆ మాట వింటే గానీ ఆమె గిన్నె ముట్టుకునేది కాదు.

ఆపరేషనుకు రోజు పెట్టాం. ఇంక్యుబేటర్‌లో అంగిలి చక్కగా, లేత తమలపాకు మందాన, గులాబీ రంగులో సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చింది.

ఆ గాలి గురించి నేను చెప్పనక్కర్లేదు, ఈ తీరాన ఉన్నవాళ్లందరికీ దాని సంగతి తెలుసు. గాలి తగ్గాక చూస్తే కొండ కింద రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడున్నాయి. షెడ్డు రేకులు సగం లేచిపోయాయి. పెద్ద జనరేటరు ఉన్న గదిలో మోకాలి లోతు నీళ్లు. మిగిలిన చిన్న జనరేటరు ఐసీయూలో ఊపిరి యంత్రాలకు బొటాబొటిగా సరిపోతోంది. అందులోంచి నా అంగిలికి కాస్త కరెంటు ఇమ్మని అడగడానికి నాకే నోరు రాలేదు. సర్జన్ డాక్టర్ పట్నాయక్ థియేటర్ చూసొచ్చి, కరెంటూ ఆక్సిజన్ లారీ రాకుండా కత్తి పట్టనని ఖండితంగా చెప్పేశాడు. ఆయన చెప్పింది న్యాయమే. పోలమ్మ గడ్డ మాత్రం ఆగేది కాదు. మరో అంగిలి పెంచాలంటే నెలలు పడుతుంది, అప్పటికి ఆ గడ్డ కంటి దాకా పాకుతుంది.

ఇంక్యుబేటర్ బ్యాటరీ దీపం ఎర్రగా వెలగడం మొదలైంది. వేడినీళ్ల సీసాలు చుట్టూ పెడితే సరిపోదు. దానికి ఒంటి వెచ్చదనం కావాలి, తడి కావాలి, ఆగకుండా ఊరే లాలాజలం కావాలి. ఈ మూడూ కలిసి దొరికే చోటు లోకంలో ఒక్కటే, మనిషి నోరు. అసలు దాన్ని పుట్టించిందే నోటి కోసం. పోలమ్మ నోట్లో పెట్టడానికి లేదు, అక్కడున్న క్యాన్సర్ కణాలు దీనిలోకి ఎక్కేస్తాయి. ఒక మేకకు పెంచిన అంగిలిని వేరే మేక నోట్లో నిలిపి ఉంచే ప్రయోగం మేం ఇదివరకు చేశాం. రెండు రోజుల దాకా బతికింది. మనుషుల్లో ఎవరూ చెయ్యలేదు. పట్నాయక్‌తో చెప్తే ఎవరి నోరని అడిగాడు. నాదేనన్నాను. అంత పెద్ద నోరు ఎందుకూ పనికిరాకుండా పోతుందా అనుకున్నాను.

మందునీళ్లతో నోరు కడుక్కుని అద్దం ముందు కూర్చున్నాను. పోలమ్మ కొలతకు చేసిన అంగిలి నా పళ్లకు అటూ ఇటూ తగిలింది. ఎంత సర్దినా లోపల ఇమడలేదు. ఇంకాస్త నొక్కితే చిరిగిపోతుంది. నర్సమ్మకూ అంతే, పట్నాయక్‌కూ అంతే. దాన్ని తిరిగి పళ్లెంలో వేసి, కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఆపరేషను ఎప్పుడని అడగడానికి వచ్చి దానయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఏటయిందని అడిగాడు. చెప్పాను. నోరు తెరవమని చెప్పి కొలత చూస్తే ఆయన అంగిలి వెడల్పుగా, కమానులా, అచ్చం సరిపోయేలా ఉంది. దాన్ని తన నోట్లో దాచుకోవాలన్న మాట విని ఆయన నవ్వాడు.

"మగజెల్ల పనే గదా డాట్రమ్మా ఇది. జెల్లసేప ఎరుగుదువా? ఆడది గుడ్లు పెట్టీసి ఎల్లిపోతాది. మగది ఆ గుడ్లన్నీ నోట్లో ఎట్టుకుంటాది. పిల్లలయ్యీదాకా తిండి నేదు. వలలో పడినా నోరు బిగించుకునే ఉంటాది. సేపకి సేతనైంది నాకు సేతకాదా?"

అసలు సంగతి ఇంకా చెప్పలేదని చెప్పి ఆయన్ని కూర్చోబెట్టాను. ఆ అంగిలి నాడుల్ని పిలుస్తుంది, ఎవరి నోరన్నది దానికి తెలియదు. నీ నోట్లో ఉంటే నీ రుచి నాడులే దానిలోకి పాకుతాయి. తీసేటప్పుడు తెగిపోతాయి. ఒక్క రోజైతే మళ్లీ మొలవొచ్చు. అంతకు మించితే నీ నోటికి రుచి పోతుంది, తిరిగి వస్తుందని నేను మాటివ్వలేను. ఒకసారి అంటుకున్నాక మాట్లాడకూడదు, నమలకూడదు, దవడ కదిలితే అది చిరుగుతుంది. మధ్యలో తీసి మళ్లీ పెట్టడం కుదరదు. ఇదంతా పోలమ్మను కూడా పిలిపించి ఇద్దరి ముందూ చెప్పాను.

 దానయ్య తన చేతులు చూసుకున్నాడు. తర్వాత, ఆమెకు రుచి తెలుస్తుందా అని అడిగాడు. తెలుస్తుందన్నాను.

"అయితే ఇంటిలో ఒకరికైనా తెలుస్తాది గదా."

పోలమ్మ కొంగు చాటు నుంచి వద్దంది. ఆ ఒక్క మాటా ముక్కులోంచి వంకర పోయింది గానీ కళ్లు స్పష్టంగానే చెప్పాయి. ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయింది. దానయ్య లేవలేదు. "నువ్వూరుకో. ఇన్నాల్లూ నాను మాటాడినాను, నువ్వు ఇన్నావు. ఇప్పుడు నాను ఇంటాను, నువ్వు మాటాడు," అని నా వైపు తిరిగి నోరు తెరిచాడు. నేను అంగిలిని రెండు పటకార్లతో ఎత్తి, ఆయన అంగిలి మీద పరిచాను. ఆయన పెదవులు మూశాడు. 

చేతికి సెలైన్ పెట్టి వార్డులో ఓ మంచం ఇచ్చాం. మంచం ఇచ్చాం గానీ మనిషి దాని మీద ఉండేవాడు కాదు. సెలైన్ సీసా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని షెడ్డు దాకా నడిచేవాడు, లేచిపోయిన రేకులు ఎలా కట్టాలో రెండో చేత్తో చూపించేవాడు. షెడ్డులో ఆడవాళ్లు ఇదే అదనుగా ఆయన్ని ఆటపట్టించారు. ఇన్నాళ్లూ మా వంటలకు వంకలు పెట్టావు కదా, ఇప్పుడు పెట్టు చూద్దాం అని, గిన్నెలు తెచ్చి ముక్కు దగ్గర పెట్టేవారు. ఆయన కళ్లెగరేసి, ఉప్పెక్కువ అని చేత్తోనే చూపించేవాడు. నవ్వకూడదని నేను అందరినీ కోప్పడ్డాను, ఆయన్ని నవ్వించకూడదని కూడా. ఆ కోపం ఎవరూ లెక్క చెయ్యలేదు.

పోలమ్మ మాత్రం ఆయన పక్కనుంచి కదిలేది కాదు. పెదవుల కొసన ఊరే లాలాజలం తుండుతో తుడిచేది. నేను సన్నని అద్దం పెట్టి చూసినప్పుడల్లా అంగిలి గులాబీ రంగులోనే ఉండేది. అంచుల్లో సన్నటి దారాల్లా ఏవో కనిపించసాగాయి. నా పదార్థం పిలిచింది, ఆయన నాడులు వస్తున్నాయి. ఏళ్లపాటు సూక్ష్మదర్శినిలో చూడాలని తపించిన దృశ్యం అది. ఆ మనిషి నోట్లో దాన్ని చూసి అద్దం వెంటనే తీసేశాను.

మర్నాడు వస్తుందన్న ఆక్సిజన్ లారీ, వరద నీళ్లెక్కిన వంతెన దగ్గర ఆగిపోయింది. ఇంకో రోజు పడుతుందన్నారు. నేను దానయ్య దగ్గరికి వెళ్లి దాచకుండా చెప్పేశాను. నేను చెప్పిన ఒక్క రోజు గడువు దాటబోతున్నాం. ఇక రుచి పోవడం ఖాయం. ఆపేద్దామంటే ఇప్పుడే ఆపేద్దాం, ఎవరూ నిన్ను తప్పుపట్టరు. ఆయన నా మాట పూర్తి కాకముందే అరచెయ్యి మూతి మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

ఫోన్లు పనిచెయ్యడం మొదలైంది ఆ మధ్యాహ్నమే. అది కూడా ఒక్క చోట, ఆస్పత్రి పైన నీళ్ల ట్యాంకు దగ్గర. కదలగలిగిన వాళ్లందరూ అక్కడికి చేరి ఫోన్లు నెత్తిన ఎత్తి పట్టుకున్నారు. ఒక్కొక్కరికే ఊరి కబుర్లు తెలుస్తున్నాయి. ఎవరి ఇల్లు నిలిచింది, ఎవరి గేదె పోయింది. పోలమ్మ చేతిలో దానయ్య ఫోను మోగింది. ఆమె దాన్ని నిప్పులా పట్టుకుని నాకిచ్చింది. మాట్లాడేది గుల్లలపేట సంఘం పెద్ద. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను.

తుఫాను తీరం దాటిన మర్నాడు, ఇళ్లలో తిండిలేక, దానయ్య తమ్ముడు తవిటయ్య ఇద్దరు కుర్రాళ్లతో పడవ వేసుకుని వెళ్లాడట. రాయి దగ్గరికి పోయొస్తానని చెప్పాడట. ఇంకా తిరిగి రాలేదు. కోస్టుగార్డు బోటు రేవులో సిద్ధంగా ఉంది, కానీ సముద్రంలో ఎక్కడని వెతుకుతారు. ఆ రాయి ఎక్కడుందో దానయ్యను చెప్పమనండి, అన్నాడు పెద్ద.

ఆ రాయి సంగతి షెడ్డులో దానయ్యే ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు. సముద్రం అడుగున, వాళ్ల నాన్న కనిపెట్టిన రాతిగుట్ట అది. చేపలు దాని చుట్టూ మూగి ఉంటాయి. అలాంటి చోటు ఎవరికి దొరికితే వాళ్ల ఇంటిదే. ఊరికి చెప్పరు, వియ్యంకుడికి చెప్పరు, పెళ్లానికి కూడా చెప్పరు. దానయ్యకూ తవిటయ్యకూ తప్ప మూడో మనిషికి తెలియదు. వాళ్ల నాన్న చావుబతుకుల మధ్య అన్నదమ్ములిద్దరి చేతా ఒట్టేయించుకున్నాడట.

మాతోపాటు పైకి వచ్చి ట్యాంకు నీడలో కూర్చున్న దానయ్య లేచి నిలబడ్డాడు. మొహం నల్లబడిపోయింది. నేను ఆయన దవడ వైపే చూస్తున్నాను. దవడ కదలబోయింది. రాసిద్దామంటే ఆయనకు అక్షరం రాదు. ఒక్కసారి నోరు తెరిస్తే తమ్ముడి ఆచూకీ దొరుకుతుంది, పెళ్లాం అంగిలి చిరిగిపోతుంది. వద్దని అనే హక్కు నాకు లేదు. సరే అనే ధైర్యమూ లేదు. డాక్టరునై ఉండి, నీళ్ల ట్యాంకు నీడలో దిక్కులు చూస్తూ నిలబడ్డాను.

పోలమ్మ ముందుకు వచ్చి రెండు చేతులతో ఆయన దవడలు గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్లలోకి చూసి, సెయ్యితో సెప్పు అంది.

ఆయన చేతులు లేచాయి. అవి నేను అంతకుముందు చూసిన సైగల్లాంటివి కావు. పడవ మీద నిలబడి ఒడ్డున ఉన్న మనిషికి చెప్పేటప్పుడు చేసే పెద్ద పెద్ద సైగలు. ఏ చేప పడింది, ఎంత పడింది, ఎన్ని బుట్టలు తేవాలి అని పెళ్లయిన నాటి నుంచీ ఆయన అలాగే చెప్పేవాడు, ఆమె ఒడ్డు నుంచి అలాగే చదివేది. చెయ్యి రెండుసార్లు వంకర తిప్పాడు. రెండు మూపుల కొండ, అని పోలమ్మ నా చెవిలో గొణిగింది. నేను ఫోన్లో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. సముద్రంలో చోటు చెప్పాలంటే ఒడ్డున కనిపించే రెండు గుర్తుల్ని ఒకదాని వెనక ఒకటి కలిపి చెప్తారు, అలాంటి గీతలు రెండు కలిసేదే ఆ చోటు. నేను ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. దానయ్య కాలు నేలకేసి కొట్టాడు. సర్దుకుని మళ్లీ చెప్పబోయి, ఈసారి కొండనే మార్చేశాను. అవతల పెద్ద అయోమయంగా ఏంటేంటని అడుగుతున్నాడు.

పోలమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. దాన్ని సరిగా పట్టుకోవడానికి మూతి మీది కొంగు వదిలేసింది.

మొదట చెప్పింది అవతలివాళ్లకు అర్థం కాలేదు. ఎవరది, ఏటి, అని వినిపించింది. చుట్టూ ఉన్న జనం తిరిగి చూశారు. ఇన్నాళ్లూ ఆ చూపులకే ఆమె భయపడింది. ఒక్క క్షణం ఆమె తల వంచుకోవడం చూశాను. తర్వాత గుండె నిండా గాలి పీల్చుకుని, రేవులో చేపలమ్మినట్టు కేకేసింది.

"పోలమ్మనిరా! ఇనండి! ఐసు ఫేక్టరీ టేంకీ... రెండు మూపుల కొండ... రెండో మూపు కింద పెట్టండి! లైటౌసు... సరుగుడు తోపు కొస మీద పెట్టండి! రెండూ కలిసిన కాడ... ముప్పై బారల లోతు!"

ప్రతి మాటా ముక్కులోంచి చీలి వస్తోంది. ఆమె ఒక్కో మాటనూ అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ కేకేసింది. ట్యాంకు దగ్గర జనం ఫోన్లు దించేసి నిలబడిపోయారు. అవతల పెద్ద, ఆమె చెప్పింది చెప్పినట్టు కోస్టుగార్డు రేడియోలో అరుస్తున్నాడు. రేడియో పెట్టుకున్న పడవలన్నీ వింటున్నాయి. దానయ్యకు ఆ సంగతి తెలుసు. కళ్లు చెమర్చాయి గానీ చేతులు ఆగలేదు. నాన్న దాచమన్న చోటును ఆ చేతులు గాలిలో బొమ్మ గీసినట్టు గీసేశాయి.

టేంకీ తుఫానుకు పడిపోనాది వదినా, అన్నాడు పెద్ద.

"పడిపోతే ఉన్న కాడ ఎరగవేటి? సిన్నప్పుడు ఐసు దొంగతనం సేసి దొరికింది అక్కడే గదా నువ్వు!"

ట్యాంకు దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. పోలమ్మ ఫోను నాకిచ్చి, అప్పుడు చూసుకుంది కొంగు జారిందని. భుజాన వేసుకుంది, మూతికి మాత్రం కప్పుకోలేదు. దానయ్య ఆమెనే చూస్తున్నాడు. మాట్లాడలేని మనిషి మొహంలో అంత గర్వం నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. థియేటర్లో రెండు బల్లలు పక్కపక్కన వేయించాం. పట్నాయక్ పోలమ్మ గడ్డను తీసేసి, తల ఊపాడు. నేను దానయ్య నోరు మెల్లగా తెరిచి, అంచులు ఒక్కొక్కటే విడదీశాను. నోటి వరకు మత్తు ఇచ్చినా, ఆ సన్నటి దారాలు తెగినప్పుడల్లా ఆయన కళ్ల కొసలు వణికాయి. అంగిలి చేతికి వచ్చింది. వెచ్చగా, గులాబీ రంగులో, ఒక్క చిరుగు లేకుండా. నేను పెట్టినప్పటికన్నా కాస్త మందంగా ఉంది. రెండు అడుగులు వేసి దాన్ని పట్నాయక్ చేతికి అందించాను. ఆయన మాస్కు వెనక నుంచి, దీన్ని పెంచింది నువ్వేనా, వాడా అన్నాడు. ఇద్దరమూ అన్నాను.

ఆయన కుట్లు వేస్తుండగా గుల్లలపేట కబురు వచ్చింది. నేను బయటికి పరిగెత్తాను. అప్పటికే బయటికి పంపిన దానయ్య వరండా బల్ల మీద, పెదవుల మధ్య గుడ్డ నొక్కుకుని కూర్చున్నాడు. ఇంజను చెడిపోయి, రాయికి లంగరేసుకుని ముగ్గురూ ఉన్నారని, కోస్టుగార్డు తీసుకొచ్చిందని చెప్పాను. ఆయన గుడ్డ తీశాడు. రెండు రోజుల తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"అది సెప్పిన కాడే ఉన్నారా?"

సరిగ్గా ఆమె చెప్పిన చోటే అన్నాను. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాలుక తిరగకపోయినా వరండాలో కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆపి, మా ఆడది సెప్పిన కాడే, అని చెప్పాడు. వార్డుబాయ్‌కి చెప్పాడు. వేరే రోగి చుట్టాలకు చెప్పాడు. ఆక్సిజన్ లారీ డ్రైవరుకు కూడా చెప్పాడు.

వాళ్లు ఊరికి వెళ్లే ముందు ఆయన నాలుక మీద ఉప్పునీళ్లు వేశాను, పంచదార వేశాను, చేదుమందు వేశాను. మూడింటికీ ఏమీ తెలియలేదన్నాడు. నెల తర్వాత వచ్చినప్పుడు మళ్లీ వేశాను, అదే మాట. ఇప్పుడు నేను పెంచే అంగిళ్లు కుట్టాక మరో మందు తగిలితేనే నాడుల్ని పిలుస్తాయి, ముందే పిలవవు. ఎవరి నోట్లోనైనా క్షేమంగా దాచుకోవచ్చు. పెద్ద పెద్ద సభల్లో దాని గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మార్పు ఎవరి నోటి నుంచి నేర్చుకున్నానో ప్రతి సభలోనూ చెప్తాను.

ఎండాకాలం ముందు గుల్లలపేట వెళ్లాను. ఇళ్ల మీద కొత్త తాటాకు ఇంకా నల్లబడలేదు. ఊళ్లోవాళ్లు దానయ్యను మగజెల్ల అని పిలుస్తున్నారు. ఆయన దాన్ని పడవ ముందు భాగాన పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. రాయి మీద ఇప్పుడు ఊరి పడవలన్నీ తిరుగుతున్నాయి. దాన్ని అందరూ పోలమ్మ రాయి అంటున్నారు. మీ నాన్న ఏమనుకుంటాడని అడిగితే, ఆయన పేరు పెట్టుకోడం మర్సిపోనాడు గదా, తప్పు ఆయనదే అన్నాడు. రేవులో పోలమ్మ కేక నేను ఆటో దిగకముందే వినిపించింది. చుట్ట మానేసింది. మాటలో ముక్కు లేదు, బేరంలో జాలి కూడా లేదు.

మధ్యాహ్నం కానాగంత చేపల్ని మామిడికాయ వేసి వండింది. మా ఇద్దరికీ కంచాలు పెట్టింది. నేను తినబోతూ ఆగాను, దానయ్య ఇంకా చెయ్యి పెట్టలేదు. ఆయన పోలమ్మ వైపు చూస్తున్నాడు. ఆమె గరిటెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలికతో అంటించుకుంది. కళ్లు మూసుకుని పులుసును ఆ కొత్త అంగిలికి ఆనించి చూసింది. ఒక చిటికెడు ఉప్పు వేసి కలిపి, మళ్లీ చూసింది.

"సరిపోనాది, తిను."

అప్పుడు ఆయన అన్నం కలుపుకున్నాడు. ముద్ద మీద ముద్ద, ఆకలిగా, తృప్తిగా తింటున్నాడు. ఊరుకోలేక, కూర ఎలా ఉందని అడిగాను. నా నోరు అలాంటిది. ఆయన ముద్ద మింగి, నేనేదో తెలియని మనిషిని అన్నట్టు చూశాడు.

"బాగుంది డాట్రమ్మా. అది సెప్పింది గదా."